సామాను దొరకని పాత కారులో గాలి లీకేజీ పట్టుకుని బాగు చేయడం ఎలా?

కార్బురేటర్ కాలం కారు స్లోలో, అంటే యాక్సిలరేటర్ తొక్కనప్పుడు, నిలవకుండా ఆగిపోతుంటే మెకానిక్ చెయ్యి ముందుగా పోయేది కార్బురేటర్ స్క్రూ మీదికే. రెండు చుట్లు తిప్పుతాడు, రేసు కొంచెం పెంచుతాడు, బండి నిలుస్తుంది. నాలుగు రోజులకు మళ్లీ అదే కథ. మూడోసారి పోతే "అన్నా, కార్బురేటర్ ఖరాబైంది, కొత్తది ఏడ దొరుకుతలేదు, బండి అమ్మేసుకో" అంటాడు. అమ్మే ముందు ఒక పూట మీరే బానెట్ ఎత్తి, ఇంజను ఎక్కడైనా దొంగగాలి గుంజుతోందేమో చూడండి. పనిముట్ల ఖర్చు పెద్దగా ఉండదు. ఓపిక మాత్రం కావాలి.

ఇక్కడ చెప్పేదంతా మారుతి 800, ఓమ్ని, జిప్సీ, పద్మిని, పెట్రోల్ అంబాసిడర్ లాంటి కార్బురేటర్ బండ్ల గురించి. 800 తయారీ 2014 జనవరిలో ఆగిపోయింది. అందులో కార్బురేటర్ మోడళ్లు అంతకు చాలా ముందే, 2000 ప్రాంతంలోనే, ఎంపీఎఫ్ఐకి, అంటే కార్బురేటర్ లేకుండా పెట్రోల్ చిమ్మే పద్ధతికి, దారి ఇచ్చాయి. అంటే మీ బండికి పాతికేళ్లు దాటాయి. బ్రేక్ షూలు, ఫిల్టర్లు ఇప్పటికీ ఏ దుకాణంలోనైనా ఇస్తారు. వంపు తిరిగిన వ్యాక్యూమ్ పైపు, కార్బురేటర్ కింద వేడిని ఆపే ఇన్సులేటర్, డెల్కో (ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్) పక్కనుండే డయాఫ్రం డబ్బా (లోపల రబ్బరు పొర ఉండేది) లాంటివి అడిగితే మాత్రం దుకాణదారు తల అడ్డంగా ఊపుతాడు. అందుకని పార్టు నంబరు పట్టుకుని తిరగడం మానేయండి. ఆ వస్తువు చేసే పనేమిటి, దానికి పెట్రోల్ తగులుతుందా, ఆయిల్ ఆవిరి తగులుతుందా, వేడి ఎంత, గుంజుడు ఎంత అని చూడండి. ఆ నాలుగూ తెలిస్తే సగం సామాను మన ఊళ్లోనే, కారు దుకాణం కాని చోట్లలో, దొరుకుతుంది.

అసలు లోపల ఏం జరుగుతుంది

స్లోలో ఉన్నప్పుడు కార్బురేటర్ రేకు, అంటే యాక్సిలరేటర్ తొక్కితే తెరుచుకునేది, దాదాపు మూసుకుని ఉంటుంది. కింద పిస్టన్లు గాలి గుంజుతూనే ఉంటాయి. కాబట్టి రేకుకీ హెడ్డుకీ మధ్య ఉన్న మేనిఫోల్డులో పీడనం పడిపోతుంది. అదే వ్యాక్యూమ్. ఆరోగ్యంగా ఉన్న ఇంజను సముద్రమట్టం దగ్గర 17 నుంచి 21 అంగుళాల పాదరసం చూపిస్తుంది. ప్రతి 300 మీటర్ల ఎత్తుకు సుమారు ఒక అంగుళం తగ్గుతుంది. మహబూబ్‌నగర్ దాదాపు 500 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి అక్కడ 16 నుంచి 19 మధ్య ముల్లు నిలకడగా నిలిస్తే ఇంజను బాగున్నట్టే. పుస్తకంలో 20 రాసి ఉందని కంగారు పడొద్దు.

రేకు కింద ఎక్కడ చిల్లు పడినా అక్కణ్నుంచి పెట్రోల్ కలవని గాలి లోపలికి దూరుతుంది. మిశ్రమం పలచబడుతుంది. స్లోలో వణుకు, రేసు పైకీ కిందికీ ఊగడం, యాక్సిలరేటర్ తొక్కగానే ఒక క్షణం పట్టేసినట్టు ఆగి తర్వాత లేవడం, కార్బురేటర్ నోట్లోంచి టప్పుమని చప్పుడు, ఇవన్నీ దాని గుర్తులే. అన్నిటికన్నా నమ్మదగిన గుర్తు ఇంకొకటుంది. స్లోలో నరకం చూపించే బండి జడ్చర్ల దాటి 44వ నంబరు హైవే ఎక్కగానే బుద్ధిమంతుడిలా పోతుంటే అది గాలి లీకేజీ కావడానికే అవకాశం ఎక్కువ. రేకు తెరుచుకున్నాక లోపల గుంజుడు తగ్గుతుంది, చిల్లులోంచి వచ్చే గాలి మొత్తం గాలిలో లెక్కలోకి రాదు. స్పీడులో కూడా మిస్సింగ్ ఉంటే మాత్రం ముందు ప్లగ్గులు, కాయిల్, పెట్రోల్ ఫిల్టర్ చూసుకోండి.

లీకేజీని స్క్రూతో కప్పిపుచ్చితే పొల్యూషన్ సర్టిఫికెట్ దగ్గర దొరికిపోతారు. భారత్ స్టేజ్-2 కంటే ముందటి పెట్రోల్ కార్లకు స్లోలో కార్బన్ మోనాక్సైడ్ 3 శాతం, హైడ్రోకార్బన్లు 1500 పీపీఎం దాటకూడదు. గాలి గుంజే ఇంజను మిస్సై కాలని పెట్రోల్‌ను సైలెన్సర్‌లోకి వదులుతుంది, హైడ్రోకార్బన్ అంకె పెరుగుతుంది. దాన్ని దించడానికి స్క్రూతో పెట్రోల్ పెంచితే కార్బన్ మోనాక్సైడ్ పెరుగుతుంది. పదిహేనేళ్లు దాటిన బండికి ఆర్సీ రెన్యువల్ చేయించుకునే వాళ్లు ఈ రెండింటి మధ్య ఇరుక్కుంటారు.

పెట్రోల్ సంగతి కూడా కలిపి చూడాలి. ఇప్పుడు బంకులో పోస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్. మామూలు పెట్రోల్ ఒక పాలు కాలడానికి 14.7 పాళ్ల గాలి కావాలి, దీనికి 13.5 చాలు. పాత కార్బురేటర్ జెట్టుకు ఈ లెక్క తెలియదు. కాబట్టి మీ ఇంజను ఇప్పటికే కొంచెం పలచగా నడుస్తోంది. పదేళ్ల కింద లెక్కలోకి రాని చిన్న లీకేజీ ఇప్పుడు బండిని ఆపేయడం అందుకే.

మొదలుపెట్టే ముందు

ప్లగ్గుల గ్యాప్, డెల్కో పాయింట్ల గ్యాప్, టైమింగ్ (ప్లగ్గు నిప్పు వేసే వేళ), టాపెట్లు (వాల్వుల సందు) సరిగ్గా ఉన్నాయని ముందే తేల్చుకోండి. టైమింగ్ వెనక్కి పోయినా వ్యాక్యూమ్ తగ్గుతుంది. అది చూడకుండా లీకేజీ వెతికితే లేనిదాన్ని వెతికినట్టే.

తర్వాత ఫోన్ తీసి బానెట్ కింద ఉన్న ప్రతి పైపునూ రెండు కొసల దగ్గరా ఫొటో తీయండి. ఒక కొస ఎక్కడ, రెండో కొస ఎక్కడ అన్నది కాగితం మీద గీయండి. తెల్ల టేపు ముక్కలు చుట్టి నంబర్లు వేయండి. బానెట్ లోపలి వైపు కంపెనీ అతికించిన పైపుల బొమ్మ ఇంకా చిరగకుండా ఉంటే మీ అదృష్టం. దాన్ని కూడా ఫొటో తీయండి. పాతికేళ్లలో ఎన్ని చేతులు పడ్డాయో తెలియదు కాబట్టి ఇప్పుడున్నదే సరైన అమరిక అని నమ్మొద్దు. ఎక్కడికీ పోని నిపిల్ (పైపు తొడిగే చిన్న గొట్టం), మూత లేకుండా తెరిచి ఉన్న నిపిల్ కనబడితే అక్కడే మీ జబ్బు ఉండొచ్చు.

చెట్టు కింద, గాలి ఆడే చోట బండి పెట్టండి. ఎండాకాలంలో నల్లగొండ ఎండ 45 డిగ్రీలు తాకుతుంది, ఆ వేళలో బానెట్ కింద చేతులు పెట్టడం మీకూ మంచిది కాదు, పెట్రోల్ ఆవిరికీ మంచిది కాదు. పొద్దున్నే చేయండి. మంటలార్పే పౌడర్ సిలిండర్ లేకపోతే ఒక బకెట్ ఇసుక పక్కన పెట్టుకోండి. పెట్రోల్ మంటపై నీళ్లు పోస్తే మంట పరుచుకుంటుంది. కండువా, పొడుగు చేతుల చొక్కా తీసేయండి. 800లో రేడియేటర్ ఫ్యాన్ కరెంటుతో నడిచేది, ఎప్పుడు తిరగడం మొదలుపెడుతుందో చెప్పలేం.

కంటితో, వేలితో

ఇంజను చల్లగా, ఆపి ఉండగా మొదలుపెట్టండి. పైపు మధ్యలో బాగానే కనిపిస్తుంది, చీలిక ఎక్కువగా నిపిల్ ఎక్కిన మూతి దగ్గరే ఉంటుంది. మూతిని వేళ్లతో కొంచెం వంచి చూడండి. సన్నని నెర్రెలు విచ్చుకుంటే అది అయిపోయింది. పైపు పొడుగు సరిపోతే ఆ మూతిని ఒక సెంటీమీటరు కోసేసి మళ్లీ ఎక్కించండి. చాలా బండ్లకు వైద్యం అక్కడితో అయిపోతుంది, రూపాయి ఖర్చు లేకుండా. వాల్వ్ కవర్ నుంచి వచ్చే పీసీవీ పైపు (ఇంజను లోపలి ఆయిల్ ఆవిరిని మేనిఫోల్డుకు పంపేది) ఆయిల్ పీల్చి ఉబ్బి మెత్తబడి ఉంటుంది. స్లోలో అది లోపలికి చప్పిడి అయిపోతుందేమో తర్వాత ఇంజను నడుస్తున్నప్పుడు చూడండి.

మిర్యాలగూడ వైపు రైస్ మిల్లుల దగ్గర, వడ్ల కుప్పల పక్కన నెలల తరబడి ఆగి ఉన్న బండైతే ఎలుక పళ్ల గాట్ల కోసం కూడా చూడాలి. ఎలుక పైకి కనిపించే చోట కొరకదు. మేనిఫోల్డ్ కింద, చెయ్యి పట్టని చోట కొరుకుతుంది. చిన్న అద్దం, ఫోన్ టార్చి పెట్టి కింది వైపు చూడండి.

పాత పైపులు పారేసే ముందు ఒక్కొక్కదాన్ని ఈ చివర నుంచి ఆ చివరి దాకా నొక్కుతూ పోండి. ఎక్కడైనా గట్టిగా ముద్ద తగిలితే లోపల సన్నని రంధ్రమున్న జెట్టు ఉంటుంది, గాలిని అదుపు చేయడానికి పెట్టింది. పైపు పారేస్తే అదీ పోతుంది. అది లేకుండా కొత్త పైపు వేస్తే బండి కొత్త రోగం తెచ్చుకుంటుంది. అలాగే పైపు మధ్యలో గుండ్రని ప్లాస్టిక్ బిళ్ల ఉండి, రెండు వైపులా రెండు రంగులుంటే అది ఒకవైపే గాలి వదిలే వాల్వు. ఏ రంగు ఎటు ఉందో రాసుకోండి.

చెవితో, పట్టకారుతో, నీళ్లతో

ఇంజను స్టార్ట్ చేసి వేడెక్కనివ్వండి. రెండడుగుల రబ్బరు పైపు ఒక చివర చెవి దగ్గర పెట్టుకుని, రెండో చివరను జాయింట్ల వెంట నెమ్మదిగా జరపండి. చిల్లు దగ్గర ఈల లాంటి బుస వినిపిస్తుంది. లోహపు గొట్టం వాడొద్దు, బ్యాటరీకో ఫ్యాన్‌కో తగలొచ్చు.

తర్వాత నోస్ ప్లేయర్ ముక్కులకు గుడ్డ చుట్టి, రబ్బరు పైపుల్ని ఒక్కొక్కటే మేనిఫోల్డ్ దగ్గర నొక్కి పట్టండి. ఏ పైపు నొక్కితే ఇంజను తీరు మారుతుందో ఆ పైపులోనో దాని అవతలి చివరనున్న వస్తువులోనో లీకేజీ ఉంది. పీసీవీ పైపు నొక్కినప్పుడు రేసు కొంచెం పడిపోవడం మామూలే, అది లీకేజీ కాదు.

పైపులన్నీ మంచివే అని తేలితే ఇక ప్యాకింగులు. ఇస్త్రీకి నీళ్లు చల్లే స్ప్రే బాటిల్‌తో కార్బురేటర్ కింది అంచు, ఇన్సులేటర్, మేనిఫోల్డు హెడ్డుకు తగిలే అంచు వెంట కొంచెం కొంచెం నీళ్లు కొట్టండి. డెల్కో మీద, వైర్ల మీద పడకుండా గుడ్డ కప్పండి. చిల్లును నీళ్లు ఒక క్షణం మూస్తాయి, ఇంజను గొంతు మారుతుంది. మారిన చోటే ఆపి, మళ్లీ కొట్టి, మళ్లీ మారిందా చూసుకోండి. ఒక్కసారి మారితే నమ్మొద్దు.

కార్బురేటర్ క్లీనర్ స్ప్రేతో ఇదే పరీక్ష ఇంకా స్పష్టంగా తేలుతుంది, కానీ అది మండే వస్తువు. అంబాసిడర్ పాత బీఎంసీ ఇంజనులో ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ రెండూ ఒకే పక్కన, ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. ఎర్రగా కాగిన ఎగ్జాస్ట్ పక్కన ఆ స్ప్రే కొట్టడం అంటే మంటతో ఆడుకోవడమే. ఆ బండికి నీళ్లే వాడండి. అగరబత్తి పొగ పెట్టి ఎటు పీల్చుకుంటుందో చూడమని సలహా ఇచ్చేవాళ్లూ ఉంటారు. పెట్రోల్ కార్బురేటర్ దగ్గర నిప్పు కణిక పెట్టమనే ఎవరి మాటా వినకండి.

వ్యాక్యూమ్ గేజ్ కొననక్కర్లేదు. ఫ్రిజ్, ఏసీ మెకానిక్ దగ్గర రెండు గడియారాల సెట్టు ఉంటుంది. అందులో నీలం గేజ్ సున్నా కిందికి 30 అంగుళాల వ్యాక్యూమ్ దాకా చూపిస్తుంది. మీకు కావాల్సింది అదే. పరిచయం ఉంటే ఒక గంటకు ఇస్తాడు. మేనిఫోల్డ్ నిపిల్‌కి రబ్బరు ముక్కతో కలపండి. ముల్లు 12, 14 దగ్గర నిలకడగా నిలిస్తే లీకేజీ కానీ టైమింగ్ వెనక్కి పోవడం కానీ. క్రమం తప్పకుండా టిక్ టిక్ మని పడిలేస్తుంటే వాల్వుల సంగతి, అది వేరే పని. ఒక్కో పైపు తీసి నిపిల్ మూస్తూ ముల్లు చూడండి. ఏది మూసినప్పుడు లేస్తే అదే దోషి.

ఇంత చేసినా దొరకని మొండి లీకేజీకి ఇంకో ఉపాయం ఉంది. ఇంజను పూర్తిగా చల్లారాక కార్బురేటర్ నోటికి మందపాటి రబ్బరు షీటు పెట్టి గట్టిగా మూయండి, పీసీవీ పైపు పీకి ఆ నిపిల్ మూసేయండి. ఇంకో నిపిల్ నుంచి చేపల తొట్టికి వాడే చిన్న గాలి పంపుతో లోపలికి గాలి పంపండి. పంపును ఇంజనుకు దూరంగా పెట్టండి. జాయింట్ల మీద సబ్బు నీళ్లు రాయండి. బుడగలు లేచిన చోటే చిల్లు. సైలెన్సర్‌లోంచే గాలంతా పోతుంటే ఏదో ఒక సిలిండర్‌లో రెండు వాల్వులూ తెరిచి ఉన్నాయన్నమాట, పుల్లీ పట్టుకుని ఇంజను కొంచెం తిప్పండి. టైర్లకు గాలి కొట్టే కంప్రెసర్ మాత్రం పెట్టొద్దు, సీళ్లు, డయాఫ్రంలు పగిలిపోతాయి.

డయాఫ్రం డబ్బాలు, బ్రేక్ బూస్టర్

డెల్కో పక్కనున్న డబ్బాకు పెద్ద సిరంజి, చిన్న పైపు తగిలించి గుంజండి. డెల్కో మూత తీసి చూస్తే లోపలి ప్లేటు కదలాలి, గుంజి పట్టుకుంటే అర నిమిషమైనా అక్కడే నిలవాలి. జారిపోతే డయాఫ్రం చినిగింది. డబ్బా అంచు మడిచి మూసినదైతే విప్పడం కుదరదు. తుక్కు బండి నుంచి అదే ఇంజనుది తెచ్చుకోవడమే దారి. వేరే ఇంజనుది పెడితే చెయ్యి పొడుగు, లోపలి స్ప్రింగు తేడా ఉంటుంది, టైమింగ్ తప్పుతుంది. దొరికేదాకా నిపిల్‌కు మూత పెట్టి నడుపుకోవచ్చు, మైలేజీ తగ్గుతుంది అంతే.

స్క్రూలతో విప్పే డయాఫ్రంలైతే, చోక్ దగ్గరవి కానీ రెండో రేకు తెరిచేవి కానీ, గుడ్డ పొర ఉన్న నైట్రైల్ రబ్బరు షీటులోంచి కోసుకోవచ్చు. పాతదాని మందమే ఉండాలి. మందం ఎక్కువైతే కదలదు. సైకిల్ ట్యూబు కోసి పెట్టొద్దు, పెట్రోల్ ఆవిరికి అది ఉబ్బిపోతుంది.

మీ బండికి బ్రేక్ బూస్టర్ ఉంటే దాని పరీక్ష వేరు. ఇంజను ఆపి బ్రేకు నాలుగైదు సార్లు తొక్కి, తొక్కిపట్టి స్టార్ట్ చేయండి. పెడల్ కొంచెం కిందికి దిగాలి. దిగకపోతే పైపు, వాల్వు, బూస్టర్ మూడింటిలో ఒకటి పోయింది. బ్రేకు తొక్కిన ప్రతిసారీ ఇంజను స్లో మారిపోతుంటే బూస్టర్ లోపలి డయాఫ్రం చినిగి ఉండొచ్చు. బూస్టర్ పైపుకు జుగాడ్ చేయకండి. మామూలు పెట్రోల్ పైపు వేడికి మెత్తబడి గుంజుడుకు లోపలికి అతుక్కుపోతుంది, ఘాట్ దిగుతున్నప్పుడు పెడల్ రాయిలా అవుతుంది. లోపల దారం అల్లిక ఉన్న, బ్రేక్ వ్యాక్యూమ్‌కే చేసిన మందపాటి పైపు కొనండి. మధ్యలో ఉండే ఒకవైపు వాల్వు బాణం ఇంజను వైపు చూడాలి.

పైపులకు బదులు ఏం వాడాలి

కొత్త పైపు సైజు కోసం డ్రిల్ బిట్లు వాడండి. నిపిల్ 4 మిల్లీమీటర్లుంటే లోపలి వ్యాసం 3.5 ఉన్న పైపు తీసుకోండి, బిగుతుగా ఎక్కుతుంది, క్లిప్పు అక్కర్లేదు. వట్టి గాలి గుంజే సన్న పైపులకు మందపాటి గోడ ఉన్న సిలికాన్ పైపు బాగా పనిచేస్తుంది, ఎండకు, వేడికి తట్టుకుంటుంది. కానీ సిలికాన్‌కు పెట్రోల్, ఆయిల్ పడవు. పీసీవీకి ఆయిల్ తట్టుకునే నైట్రైల్ పైపు కావాలి. పనిలో పనిగా పెట్రోల్ పైపులు కూడా మారిస్తే ఎస్ఏఈ జె30 ఆర్9 అని ముద్ర ఉన్నవి తీసుకోండి, ఇథనాల్‌కు నిలుస్తాయి. హైదరాబాద్ రాణిగంజ్‌లో రబ్బరు సామాన్ల దుకాణాలు, పుత్లీబౌలిలో కార్ల స్పేర్ పార్టుల దుకాణాలు ఉన్నాయి. నల్లగొండ నుంచైనా మహబూబ్‌నగర్ నుంచైనా వంద కిలోమీటర్ల దూరం. పోయేటప్పుడు పాత ముక్కలు జేబులో వేసుకుని పోండి, ఫొటోలు చాలవు.

సెలైన్ పైపు, చేపల తొట్టి పైపు, వైపర్ నీళ్ల పైపు వేసినవాళ్లను చూశాను. మొదటిది వేడికి గట్టిపడి పగులుతుంది, రెండోది చప్పిడి అయిపోతుంది, మూడోది రెండూ చేస్తుంది.

వంపు తిరిగిన పైపు దొరకనప్పుడు మామూలు పైపును బలవంతంగా వంచితే మడత దగ్గర మూసుకుపోతుంది. మళ్లీ ఆ ఫ్రిజ్ మెకానిక్ దగ్గరికే వెళ్లండి. అతని దగ్గర పావు అంగుళం రాగి గొట్టం, దాన్ని చప్పిడి కాకుండా వంచే స్ప్రింగు ఉంటాయి. కావాల్సిన వంపు చేయించుకుని రెండు కొసలకూ రెండంగుళాల రబ్బరు ముక్కలు తొడగండి. గొట్టం బరువు నిపిల్ మీద పడకుండా ఎక్కడో ఒకచోట క్లిప్పుతో కట్టాలి, లేకపోతే అదురుకు నిపిల్లే విరుగుతుంది.

మూడు పైపులు కలిపే ప్లాస్టిక్ టీ జాయింటు విరిగితే? బత్తాయి తోటలున్న ఊళ్లో ఎవరి దగ్గరైనా డ్రిప్ సామాన్ల డబ్బా ఉంటుంది. అందులో 4 మిల్లీమీటర్ల సన్న పైపుకు వాడే టీలు, జాయింట్లు సన్న వ్యాక్యూమ్ పైపుకు సరిగ్గా సరిపోతాయి. ఎగ్జాస్ట్‌కు దూరంగా ఉన్న చోట మాత్రమే పెట్టండి, ఆ ప్లాస్టిక్ వేడికి మెత్తబడుతుంది. ఇత్తడి టీ దొరికాక మార్చేయండి.

ప్యాకింగ్ మీరే కోసుకోవడం

అసలు పని ఇదే, తొందరపడకూడనిది కూడా ఇదే. బ్యాటరీ నెగటివ్ తీసేయండి. 800 లాంటి వాటిలో ఇన్‌టేక్ మేనిఫోల్డ్ లోపల కూలెంట్ కూడా తిరుగుతుంది, మేనిఫోల్డ్ తీయాల్సి వస్తే ముందు అది దించేయండి. తుప్పు పట్టిన నట్లకు ముందురోజు రాత్రే తుప్పు విడిపించే ఆయిల్ కొట్టి ఉంచండి. అల్యూమినియంలో స్టడ్ విరిగితే లేత్ దుకాణం వాడికి పని దొరికినట్టే.

పాత ప్యాకింగ్‌లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. పొడిగా గీకకండి, బ్రష్ మిషన్ పెట్టకండి. తడిపి, మెత్తబడ్డాక, చెక్క ముక్కతోనో ప్లాస్టిక్ గీకుడు ముక్కతోనో తీయండి. రంధ్రాల్లో గుడ్డలు కుక్కి మొదలుపెట్టండి, ఎన్ని కుక్కారో లెక్క పెట్టుకుని తర్వాత అన్నీ తీయండి.

కార్బురేటర్ కిందికి 0.8 మిల్లీమీటర్లు, మేనిఫోల్డుకు 1.5 మిల్లీమీటర్ల మందం ఉన్న, ఆస్బెస్టాస్ లేని, పెట్రోల్ తట్టుకునే ప్యాకింగ్ షీటు కొనండి. పాత ప్యాకింగ్ ముక్క దొరికితే దాని మందమే ప్రమాణం. లోహపు ముఖం మీద పలచగా గ్రీజు రాసి షీటు మీద అద్దండి, అచ్చు పడుతుంది. ముందు బోల్టు రంధ్రాలు కొట్టండి. చెప్పులు కుట్టేవాళ్ల దగ్గరుండే గుండ్రటి పంచ్, కింద చెక్క మొద్దు ఉంటే అంచు చిట్లకుండా తెగుతుంది. ఆ రంధ్రాల్లో బోల్టులు దూర్చి షీటును ముఖం మీద నిలబెట్టి అచ్చు మళ్లీ సరిచూసుకోండి. ఆ తర్వాత గాలి దారులు, చివరగా బయటి అంచు కోయండి. బయటి అంచు ముందు కోస్తే షీటు జరిగిపోయి రంధ్రాలు తప్పుతాయి. సుత్తితో అంచుల మీద కొట్టి ప్యాకింగ్ తెంపే అలవాటు మెకానిక్‌లకుంది. ఇనుప హెడ్డుకు చెల్లుతుంది, కార్బురేటర్ మెత్తటి లోహం, అంచు నొక్కుకుపోతుంది.

కార్బురేటర్ కింది ప్యాకింగ్‌లో పెద్ద రంధ్రాలతో పాటు అగ్గిపుల్ల అంత సన్న రంధ్రాలు ఒకటో రెండో ఉంటాయి. అవి స్లో పెట్రోల్, వ్యాక్యూమ్ పోయే దారులు. ఒక్కటి మరిచిపోతే బండి స్లోలో అసలే నిలవదు, మీరేమో ఇంకా లీకేజీ ఉందనుకుంటారు. కోసిన ప్యాకింగ్‌ను వెలుతురుకు పట్టి రెండు ముఖాలతోనూ పోల్చి చూడండి.

దారిలో చిక్కుకుంటే పెళ్లి పత్రిక అట్ట కోసి గ్రీజు రాసి పెట్టి ఇల్లు చేరొచ్చు. ఇంటికొచ్చాక తీసేయాలి. ట్యూబులో దొరికే సిలికాన్ గమ్ము మాత్రం కార్బురేటర్ దగ్గర దారిలో కూడా వద్దు. పెట్రోల్‌కు అది జెల్లీలా ఊడి లోపలికి పోతుంది.

ప్యాకింగ్ ఎంత బాగున్నా ముఖం వంకరైతే లాభం లేదు. స్టీలు స్కేలు నిలువుగా పెట్టి కింద ఫీలర్ గేజ్ దూర్చి చూడండి. 0.1 మిల్లీమీటర్ బ్లేడు దూరితే సరిచేయాలి. బేకలైట్ ఇన్సులేటర్లు, కార్బురేటర్ కింది చెవులు ఎక్కువగా వంగుతాయి, ఎవరో బలమంతా పెట్టి నట్లు బిగించినందుకు. పాలిష్ చేసిన గ్రానైట్ కట్ పీసు మీద సన్న ఎమరీ పేపర్ పరిచి, తడిపి, ముఖం మీద పెన్సిల్ గీతలు గీసి, ఎనిమిది అంకె తిప్పినట్టు రుద్దండి. గీతలన్నీ ఒకేలా చెరిగిపోయాక ఆపండి. ఇన్సులేటర్ పగిలి ఉంటే అదే మందం బేకలైట్ షీటు నుంచి లేత్ వాడితో కోయించుకోండి. దాని బదులు అల్యూమినియం పెట్టించకండి, ఎండాకాలంలో కార్బురేటర్‌లో పెట్రోల్ మరిగి బండి మళ్లీ స్టార్ట్ కాదు.

రేకు ఇరుసు అరిగితే

స్లోలో ఉన్నప్పుడు కార్బురేటర్ రేకు ఇరుసు కొసను వేలితో పైకీ కిందికీ ఆడించండి. ఆటతో పాటు ఇంజను తీరు మారితే ఇరుసు దారి అరిగింది, అక్కణ్నుంచి గాలి గుంజుతోంది. దీనికి కంచు బుష్ వేయించాలి, లేత్ పని, అనుభవమున్న చెయ్యి కావాలి. రేకును పట్టి ఉంచే రెండు చిన్న స్క్రూల కొసలు వెనక వైపు నలగ్గొట్టి ఉంటాయి. వాటిని ఆకురాయితో అరగదీయకుండా విప్పితే ఇరుసు మరలే పోతుంది. తిరిగి బిగించేటప్పుడు కొత్త స్క్రూలు వేసి కొసలు మళ్లీ నలగ్గొట్టాలి. లేత్ అతను ఆ పని చేశాడో లేదో మీ కళ్లతో చూసుకుని కార్బురేటర్ తీసుకోండి. ఆ స్క్రూ ఊడితే నేరుగా సిలిండర్‌లోకి పోతుంది.

బిగించడం, సరిచేయడం

మేనిఫోల్డ్ నట్లు మధ్య నుంచి బయటికి, మూడు విడతల్లో బిగించండి. ఎం8 నట్టుకు 20 న్యూటన్ మీటర్లు చాలు. టార్క్ పాన లేకపోతే చిన్న పానను మణికట్టు బలంతోనే తిప్పండి, భుజం బలం వద్దు. కూలెంట్ నింపి, గాలి బుడగలు పోయేదాకా నడిపి, ఇంజను వేడెక్కాక ఆపి, పూర్తిగా చల్లారనిచ్చి మరొక్కసారి బిగించండి. కొత్త ప్యాకింగ్ మొదటి వేడికి కొంచెం అణుగుతుంది.

స్క్రూ జోలికి పోవాల్సింది ఇప్పుడు. మిశ్రమం స్క్రూను మెత్తగా లోపలికి ఆనేదాకా తిప్పి, ఎన్ని చుట్లు తిరిగిందో రాసుకుని, అంతే బయటికి తేండి. అక్కణ్నుంచి పావు చుట్టు చొప్పున అటూ ఇటూ తిప్పుతూ గేజ్ ముల్లు ఎక్కడ ఎక్కువ లేస్తుందో అక్కడ ఆపండి. తర్వాత రేసు స్క్రూతో స్లోను మీ బండి పుస్తకంలో చెప్పిన దగ్గరికి, 800కైతే నిమిషానికి 900 చుట్ల దగ్గరికి, దించండి. లీకేజీ మూసుకుంటే పాత మెకానిక్ పెంచిపెట్టిన రేసు ఇప్పుడు చాలా ఎక్కువ అనిపిస్తుంది, దించడానికి భయపడకండి. దించినా నిలుస్తుంటే పొల్యూషన్ సెంటర్‌కు పోయి రెండు అంకెలూ చూపించుకోండి. హైడ్రోకార్బన్ ఇంకా ఎక్కువుండి కార్బన్ మోనాక్సైడ్ తక్కువుంటే ఎక్కడో ఇంకో చిన్న చిల్లు మిగిలి ఉండొచ్చు, లేదా ప్లగ్గుల్లో ఒకటి మిస్సవుతుండొచ్చు. ముందు ప్లగ్గులు చూసి, తర్వాత నీళ్ల బాటిల్ మళ్లీ చేతికి తీసుకోండి.